విజయవాడ, గుంటూరు కళాసంస్థల కార్యదర్శులకు లైటింగ్ మనిషి రాస్తున్న బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతాల నాటక సమాజాలు, నృత్య శిక్షణాలయాలు, సంగీత సభలు, సాహితీ సంస్థల కార్యదర్శులకు, నిర్వాహకులకు నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలుసు. పేరుతో కాదు, ‘లైటింగ్ అబ్బాయి’గా. జుట్టు నెరిసినా ఇంకా అబ్బాయినే. మీ కరపత్రంలో అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభా నిర్వహణ అన్నీ అయ్యాక అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘లైటింగ్’ అని ఉంటుంది చూశారా, అది నేనే. ఆ మూల నుంచి చూస్తే మీరందరూ బాగా కనిపిస్తారు. అందుకే ఈ లేఖ.

మీ అందరి నంబర్లూ నా ఫోన్లో ఉన్నాయి. పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, నాటికలాడేవాళ్లు, పద్యనాటకాల వాళ్లు, కూచిపూడి నేర్పే టీచర్లు, త్యాగరాజ ఆరాధన చేసేవాళ్లు, కవి సమ్మేళనాలు పెట్టేవాళ్లు, మిమిక్రీ వాళ్లు, ఈమధ్య స్టాండప్ అంటూ వస్తున్న కుర్రాళ్లు అందరివీ ఉన్నాయి. మీ దగ్గర మాత్రం ఒకరివి ఒకరికి లేవు. గాంధీనగర్‌లో ఉండే ఒక కార్యదర్శి గారు సత్యనారాయణపురంలో ఉండే ఇంకో కార్యదర్శి గారి నంబరు నన్ను అడిగి తీసుకున్నారు. నడిచి వెళ్లేంత దూరం. ఇద్దరూ ఏళ్ల తరబడి అదే హాల్లో, అదే స్టేజీ మీద ప్రోగ్రాములు చేస్తున్నవాళ్లు.

ఇంకో ఫోను కూడా తరచుగా వస్తుంది. ‘‘ఏమయ్యా, పై ఆదివారం ఎవరిదైనా ఉందా?’’ ఉంటే ఉందని చెప్తాను, నన్ను అప్పటికే బుక్ చేసుకున్నారు కాబట్టి. ‘‘సర్లే, వాళ్ల జనం వేరు, మన జనం వేరు’’ అంటారు. ఎక్కడ వేరు సార్? ఆ రిటైర్డు టీచర్లు, బ్యాంకుల్లోనూ రైల్వేలోనూ చేసి దిగిపోయినవాళ్లు, మనవరాలి డాన్సు చూడ్డానికి వచ్చి నాటకానికి కూడా కూర్చునే ఆ పెద్దావిడలు, అందరూ వాళ్లే. ఏ వరసలో ఎవరు కూర్చుంటారో కూడా నాకు తెలుసు. ఒకే సాయంత్రం రెండు చోట్ల పెట్టుకుంటే ఆ జనమే సగం సగం అవుతారు. రెండు హాళ్లలోనూ వెనక వరసలు ఖాళీ. మర్నాడు రెండు సంస్థల వాళ్లూ కూర్చుని ‘ఈ రోజుల్లో కళలకు ఆదరణ ఎక్కడుందండీ’ అని బాధపడతారు.

కళలకు ఆదరణ లేదన్న మాట నేను ఒప్పుకోను. హాస్య నాటికల పోటీలు పెట్టిన రోజు విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మెట్ల మీద కూర్చుని చూసే జనాన్ని చూశాను. మంచి కృష్ణుడు, మంచి హార్మోనియం కుదిరితే రాయబారం పద్యాలకు ఇప్పటికీ వన్స్‌మోర్ పడుతుంది. లోటు జనంలో లేదు. మీకూ మీకూ మధ్య మాటల్లేవు.

స్టేజీ వెనక ఇలా ఉండదు. మన ప్రాంతంలో పరిషత్తు నాటికల్లో ఆడపాత్రలు వేసే నటీమణులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఒక్కొక్కరు నాలుగైదు సమాజాలకు పనిచేస్తారు. ఒకసారి గ్రీన్ రూములో చూశాను. ఒకావిడ అద్దం ముందు కూర్చుని ఆ రాత్రి వెయ్యాల్సిన తల్లి పాత్రకు జుట్టుకి తెల్లరంగు పట్టించుకుంటూ, మర్నాడు ఇంకో ఊళ్లో వేరే సమాజానికి వెయ్యాల్సిన పోలీసమ్మ డైలాగులు నోట్లో నోట్లో అనుకుంటున్నారు. ఒళ్లో రెండు స్క్రిప్టులు. కాళ్ల దగ్గర సంచిలో నాలుగు చీరలు, ఖాకీ యూనిఫాం, కళ్లజోళ్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో. మధ్యలో ఆ రాత్రి దర్శకుణ్ణి పిలిచి, ‘‘అన్నయ్యా, ఆ ఏడ్చే సీనులో నన్ను కుర్చీలోంచి లేపకండి. తెనాలి వాళ్లు ఇలాంటి సీనే కూర్చోబెట్టి చేయిస్తే జనం కిక్కురుమనలేదు’’ అన్నారు. ఆయన మార్చారు. బాగా పండింది. తెనాలి దర్శకుడికీ ఈయనకూ ముఖపరిచయం కూడా లేదు. ఒకరి ఆలోచన ఇంకొకరికి చేరింది ఆవిడ సంచితో పాటు, పల్లెవెలుగు బస్సులో.

మేకప్ వేసే పెద్దాయన కూడా అంతే. ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి పని లేదు, ఎవరి అబ్బాయి తబలా బాగా వాయిస్తున్నాడు, ఎవరి దగ్గర దుర్యోధనుడి కిరీటం అద్దెకు దొరుకుతుంది అన్నీ ఆయన మేకప్ పెట్టెతో పాటు ఊరూరా తిరుగుతుంటాయి. హార్మోనియం వాయించే ఒకాయన ఆస్పత్రిలో పడితే కర్టెన్ లాగేవాళ్లు, మైకుల వాళ్లు, మేమూ కలిసి తలా కొంత వేసుకుని పంపించాం. సంస్థల వాళ్లకు ఆ సంగతి ఆయన ఇంటికొచ్చాక తెలిసింది. అప్పుడు ఒక శాలువా కప్పారు.

అంటే కలిసి ఉండటం మన ఊళ్లకు చేతకానిదేం కాదు. కర్టెన్ వెనక రోజూ నడుస్తున్నదే. ముందు వరుసలో కూర్చునే మీ దగ్గరికి రాలేదు, అంతే.

ఎందుకు రాలేదో నాకు తోచింది చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీరు ఒకరినొకరు కలిసేది సభలో మాత్రమే. సభలో కలిస్తే కుర్చీ లెక్క వస్తుంది. ఎవరిది మధ్య కుర్చీ, ఎవరికి ముందు బొకే, ఎవరి పేరు ముందు చదివారు. ‘మీరు మాకు సన్మానం చేశారు కాబట్టి ఉగాదికి మేము మీకు చేస్తాం’ అనే బాకీలు తీర్చుకోవడంతో సరిపోతుంది. శాలువా కప్పించుకున్నాయన నాటకం మొదలయ్యేసరికి కారెక్కేస్తారు. ఎన్నిసార్లు చూశానో. ‘ఇంకో ప్రోగ్రాముందండీ’ అంటారు. ఆ ఇంకో ప్రోగ్రాం కూడా నాకు తెలిసిందే, అక్కడా నా లైట్లే.

ఈలోగా లోపల ఏం జరుగుతుందో మీరు చూసుండరు. సాయంత్రం ఆరున్నరకు నాటకమని కార్డులో వేస్తారు. ఆరు గంటలకల్లా మేకప్ అయిపోవాలి కదా. సభ మొదలయ్యేదే ఏడింటికి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, తొమ్మిది మంది అతిథులు. పల్లెటూరి నుంచి వచ్చిన పద్యనాటకం సమాజం వాళ్లు కిరీటాలు ఒళ్లో పెట్టుకుని, ఫ్యాను లేని గదిలో, భుజకీర్తులు గుచ్చుకుంటుంటే కూర్చుని ఉంటారు. చెమటకు గమ్ము ఊడి అర్జునుడి మీసం ఒక పక్క లేస్తుంది. మేకప్ ఆయన వేలితో అదిమి పట్టుకుని ‘మాట్లాడకు, మాట్లాడకు’ అంటుంటారు. మాట్లాడకపోతే ఎలా, పద్యానికి గొంతు సవరించుకోవాలి. ఎనిమిదిన్నరకు తెర లేస్తుంది. తొమ్మిదిన్నరకు గుంటూరు వెళ్లాల్సినవాళ్లు లేచిపోతారు, మళ్లీ బస్సుండదేమోనని. అసలు రసపట్టు వాళ్లు వెళ్లాకే. పదికి వాచ్‌మన్ వచ్చి స్విచ్‌బోర్డు దగ్గర నిలబడతాడు. యుద్ధం సీను సగంలో ఆపించిన రోజులు కూడా ఉన్నాయి.

బెంగళూరులో రంగశంకర అని ఒక థియేటర్ ఉంది, 2004లో మొదలైంది. అక్కడ టైముకి నాటకం మొదలవుతుంది, బెల్లు కొట్టాక వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. ఎంత పెద్దవాళ్లయినా సరే. అది మన దగ్గర చెల్లదంటారు మీరు. మొత్తంగా చెల్లదేమో. సభ ముందు కాకుండా నాటకం తర్వాత పెట్టడం మాత్రం చెల్లుతుంది. అతిథికి నాటకం చూడక తప్పదు, మాట్లాడ్డానికి ఏదో ఒకటి దొరుకుతుంది కూడా.

ఈ కలవడాన్ని మన పెద్దవాళ్లు వేరేగా చేశారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది చెల్లాచెదురుగా ఉన్న నాటకాలవాళ్లు ఒక చోట కూడటానికే. ఇవాళ పరిషత్తు అంటే మనకు బహుమతులు గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది వేరు. పోటీకి వచ్చిన సమాజం మూడు రోజులూ ఆ ఊళ్లోనే ఉండి, సత్రంలోనో స్కూల్లోనో పడుకుని, మిగతా అన్ని నాటకాలూ చూసి, రాత్రి రెండింటిదాకా టీ కొట్టు దగ్గర వాదించుకునేవారని మా గురువుగారు చెప్పేవారు. (ఆయన ఉప్పునీళ్ల డిమ్మర్లతో లైటింగ్ చేసిన తరం. కుండలో నీళ్లలోకి ప్లేటు దించుతుంటే స్టేజీ మీద మెల్లగా తెల్లారేది. ఇప్పుడు నా చేతిలో లైట్ల బోర్డు ఉంది, ఆ తెల్లవారడం మాత్రం రావట్లేదు.) ఇప్పుడు సమాజం వ్యానులో వస్తుంది, ఆడుతుంది, సామాను ఎత్తుకుని అదే వ్యానులో వెళ్లిపోతుంది. రూము ఖర్చు భరించలేరు మరి, తప్పు వాళ్లది కాదు. కానీ పక్క సమాజం ఏం ఆడిందో తెలియకుండానే సీజనంతా గడిచిపోతోంది.

రేడియో సంగతి తీసుకోండి. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, బుచ్చిబాబు గారు ఒకే కేంద్రంలో పనిచేసినవాళ్లు. పాట రాసేవాడు, పాడేవాడు, కథ రాసేవాడు, నాటకం వేసేవాడు ఒకే క్యాంటీన్లో కాఫీ తాగితే ఏమవుతుందో మన ఊరు చూసింది. నాటకాల నటుడైన బందా కనకలింగేశ్వరరావు గారు ఆ రేడియోలో నాటకాల పని చూసుకున్నారు, ఆయనే కూచిపూడి కోసం కూడా కాళ్లరిగేలా తిరిగారు. నాటకాలవాడికి డాన్సుతో ఏం పని అని ఆయన అనుకోలేదు. వాళ్లను ఎవరూ ‘ఐక్యంగా ఉండండి’ అని కూర్చోబెట్టలేదు. ఒక చోట, రోజూ, చేతికి ఎంతో కొంత డబ్బు ముట్టే పని దొరికింది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారిని బుర్రకథకు మారుపేరు చేసింది కూడా అలాంటి కూడికే. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలిలో పాటగాళ్లు, నటులు, రాసేవాళ్లు కలిసి ఊరూరా తిరిగారు. 1986లో పద్మశ్రీ వచ్చింది నాజర్ గారికి. బుర్రకథలో కథకుడు ఒక్కడే కథ చెప్పడు చూడండి. ఒక పక్క హాస్యం, ఒక పక్క రాజకీయం, ఇద్దరూ వంత పాడుతూ మధ్యలో అడ్డుపడి ప్రశ్నలేస్తేనే కథ నడుస్తుంది. మన సంస్థలకు అడ్డుపడి అడిగే పక్కవాళ్లు లేరు. మీ నాటకం బాలేదని మీకు చెప్పేవాళ్లు ఎవరున్నారు? మీ సభ్యులు చెప్పరు. అతిథులు చూడరు. జడ్జీలు మార్కులేసి వెళ్లిపోతారు.

పెద్ద పెద్ద కూడికలు జరగట్లేదని కాదు. 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో ఆరువేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. 2023 డిసెంబరు చివర్లో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో వారం రోజులు నంది నాటకోత్సవాలు జరిగాయి. ఆ రోజులు పండగే. కానీ స్టేడియంలో పక్కపక్కన నిలబడి ఆడిన పిల్లలకు మర్నాడు ఒకళ్ల పేరు ఒకళ్లకు తెలియదు, వాళ్ల టీచర్లకూ తెలియదు. వందలమంది ఒక చోటికి రావడం వేరు, పదిమంది నెలనెలా కలవడం వేరు.

నన్నడిగితే మన విజయవాడలో కాస్తో కూస్తో కలిసేలా చేసింది జనవరిలో పుస్తకాల పండగ. 1989 నుంచి జరుగుతోంది. ఎక్కువ ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగింది, ఇప్పుడు అక్కడ పీఠంతో కలిపి 206 అడుగుల అంబేడ్కర్ గారి విగ్రహం ఉంది, పుస్తకాల పండగ వేరే గ్రౌండ్లకు మారింది. అక్కడ వేదిక ఒక మూల ఉంటుంది, మిగతాదంతా నడిచే దారులే. పుస్తకం కోసం వంగినవాడు తల ఎత్తితే ఎదురుగా ఎప్పుడో కలిసి నాటకం వేసినవాడు. అక్కడ ఎవరూ అతిథి కాదు, అందరి చేతుల్లోనూ ఒకేలాంటి సంచి. మీ కార్యక్రమాల్లో హాలు బయట ఆ పావుగంట నిలబడి మాట్లాడుకునే చోటు ఎక్కడుంది చెప్పండి? ప్రోగ్రాం అయిన వెంటనే షట్టరు దించేస్తారు, మనం స్కూటర్లు తీస్తాం.

ఇప్పుడు నా విన్నపాలు. వరసగా నంబర్లేసి రాయను, అది తీర్మానంలా ఉంటుంది, తీర్మానాలు చేసి ఫైల్లో పెట్టడం మీకు బాగా అలవాటు.

మొదట క్యాలెండరు. నవంబరు నుంచి ఉగాది దాకా ఎవరు ఏ తారీఖున ఏం పెట్టుకుంటున్నారో ఒకే చోట రాసుకోవాలి. వాట్సాప్ గ్రూపులున్నాయి కదా అనకండి. వాటిలో పొద్దున్నే పువ్వులు, పుట్టినరోజు దండలు, ఎవరికో వచ్చిన సన్మానం ఫొటోకి నూట యాభై చప్పట్లు. అందులో కార్యక్రమం కరపత్రం పెడితే సాయంత్రానికి ఎక్కడికో పైకి పోతుంది. నేను చెప్పేది ఒక్క కాగితం. తేదీ, హాలు, సంస్థ, ఏం ప్రదర్శన, అంతే. నా డైరీలో ఇప్పటికే ఉన్నది అదే, మీరు ఒప్పుకుంటే రేపే ఇచ్చేస్తాను. తారీఖులు ఢీకొడితే ఎవరో ఒకరు వారం జరుగుతారు. జరగకపోయినా కనీసం తెలిసి ఢీకొంటారు.

రెండోది, హాలు అద్దె. ఒక్క సాయంత్రానికి మీరు కట్టే అద్దె, ఏసీ, కరెంటు, క్లీనింగు కలిపితే నాటకం మొత్తం ఖర్చులో సగానికి వస్తుంది. ఒక చిన్న సమాజం వాళ్లు స్టేజీ మీద ఒక్కసారి కూడా రిహార్సల్ చేసుకోకుండా నేరుగా ప్రదర్శనకు దిగుతారు. ఎవరు ఎక్కడ నిలబడతారో నాకు తెలియదు, స్పాట్‌లైటు ఎక్కడ పడుతుందో వాళ్లకు తెలియదు. కథానాయకుడు చీకట్లో చనిపోయిన నాటకాలు నేను చేశాను. ఇద్దరు ముగ్గురు కలిసి వరసగా రెండు రోజులు తీసుకుంటే, పగలంతా ఒకరి తర్వాత ఒకరు రిహార్సల్ చేసుకోవచ్చు, సాయంత్రం ప్రదర్శన. లైట్లు ఒకసారే కడతాను, ఒకసారే విప్పుతాను, నా కూలీ కూడా తగ్గుతుంది. ఆ పగలు ఒకరి రిహార్సల్ ఇంకొకరు చూస్తారు. సభకు పిలవకుండానే కలిసినట్టవుతుంది. కార్పొరేషన్ హాళ్ల అద్దె గురించి కార్పొరేషన్ వాళ్లకు విడిగా రాయాలి, ఆ పని మీరందరూ సంతకాలు పెట్టి చేస్తే బాగుంటుంది. ఒక్కో సంస్థ ఒక్కో కాగితం పట్టుకుని వెళ్తే ఒక్కో కాగితమూ టేబుల్ మీదే ఉంటుంది.

సెట్ల మాట కూడా అంతే. ఒకరి మేడ మీద గుడిసె సెట్టు ఎండకు ఎండి వానకు తడుస్తుంటుంది, రెండు వీధుల అవతల ఇంకొకరు అదే గుడిసె కోసం కొత్త గుడ్డ, కొత్త వెదురు కొంటుంటారు. ఒకరి దగ్గర తలుపు ఫ్రేములున్నాయి, ఒకరి దగ్గర నల్ల కర్టెన్లున్నాయి. జాబితా రాస్తే ఒక పేజీ. ఈ సెట్లకు రంగులు వేయించడానికి మనం ఫ్లెక్సీ షాపుకి పోతాం. బొమ్మలు వేసే ఆర్టిస్టులు మన ఊళ్లో లేకనా? వాళ్ల ఎగ్జిబిషన్‌కి మీరెవరూ వెళ్లరు, మీ నాటకానికి వాళ్లెవరూ రారు. అవతల కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో ఏనుగు అంబారీ నుంచి దశావతారాల దాకా చేసే చేతులున్నాయి. వాళ్ల దగ్గరికి మనం వెళ్లేది అతిథికి జ్ఞాపిక కొనడానికి మాత్రమే.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టే విషయం కొత్తవాళ్లది. ప్రదర్శన అయ్యాక నేను వైర్లు చుట్టుకుంటుంటే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. ఒకసారి ఇంజనీరింగ్ చదివే అమ్మాయి వచ్చింది. ‘‘అన్నా, నాటకాల్లో చెయ్యాలంటే ఎవర్ని అడగాలి?’’ అంది. ఎవర్ని చూపించను? అక్కడే ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మంచివారే, ప్రేమగానే మాట్లాడారు. ‘‘ఏ ఊరమ్మా, ఎవరి అమ్మాయివి, మీ నాన్నగారు ఏం చేస్తారు’’ అన్నారు. తర్వాత తమ సంస్థ ఏ సంవత్సరంలో పెట్టారు, ఎవరెవరు మహానుభావులు వచ్చారు అన్నది చెప్పారు. ‘‘మళ్లీ ప్రోగ్రాంకి రామ్మా’’ అన్నారు. ఎప్పుడు, ఎక్కడ, వచ్చి ఏం చెయ్యాలి అన్నది చెప్పలేదు. నంబరు తీసుకోలేదు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఎక్కడో సెల్‌ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీసుకుంటూ ఉండి ఉంటుంది, లేదా ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటుంది. ఆడపాత్రలకు మనుషులు దొరకట్లేదని నాకు ఫోన్లు చేసేది మీరే కదా సార్?

కొత్తవాళ్లకు కావలసింది ఉపన్యాసం కాదు, ఒక పని. తెర పక్కన నిలబడి డైలాగులు అందించే ప్రాంప్టింగ్ ఇవ్వండి. కర్టెన్ ఇవ్వండి. నా దగ్గరికి పంపండి, లైట్ల బోర్డు దగ్గర కూర్చోబెట్టుకుంటాను. వారానికి ఒక రోజు, ఒకే చోట, ఒకే టైములో ఎవరైనా వచ్చి కూర్చునే రిహార్సల్ ఒకటి ఉండాలి. హైదరాబాద్‌లో లామకాన్ 2010లో అలాంటి చోటుగా మొదలైంది, పాత ఇంటి ఆవరణలో చెట్టు కింద టీ తాగుతూ ఎవరైనా కూర్చోవచ్చు. మనకు అంత చోటు అక్కర్లేదు. స్కూలు వరండా చాలు. ఆదివారం స్కూళ్లు ఖాళీగానే ఉంటాయి, మీలో సగం మంది రిటైర్డు హెడ్మాస్టర్లే.

వచ్చేవాళ్లు మనం అనుకున్నట్టు ఉండరని కూడా ముందే చెప్తున్నాను. ఒకడు ర్యాప్ పాడతాడు. ఒకమ్మాయి గుంటూరు యాసలో అమ్మమ్మను అనుకరిస్తూ రీల్స్ చేస్తుంది, లక్షల్లో చూస్తారు, స్టేజీ మీద నిలబడితే మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియదు. మీకు ఆ దూరం తెలుసు. వాళ్లకు జనం ఎక్కడున్నారో తెలుసు. ఈ రెండూ కలవకపోతే ఎవరికి నష్టం? పద్యనాటకం పక్కన రీల్స్ ఏమిటని ఒకాయన చిరాకు పడ్డారు. హార్మోనియం విదేశం నుంచి వచ్చిన పెట్టె అని ఒకప్పుడు రేడియో వాళ్లే దాన్ని ఏళ్ల తరబడి బయట నిలబెట్టారు. ఇప్పుడు అది లేకుండా పద్యనాటకం ఊహించండి చూద్దాం.

డబ్బు సంగతి రాయకుండా వదిలేస్తే నాది దొంగ మర్యాద అవుతుంది. టెక్నీషియన్లకు, మేకప్ వాళ్లకు, వాద్యాల వాళ్లకు ప్రదర్శన రోజే డబ్బు ఇవ్వండి. ‘గ్రాంటు వచ్చాక చూద్దాం’ అన్న మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. శాలువాలకు, మెమెంటోలకు, ఫ్లెక్సీలకు మాత్రం అప్పు చెప్పరు, ఎందుకంటే ఆ షాపులవాళ్లు ఇవ్వరు. మాకూ ఇళ్లున్నాయి. తబలా ఆయన పెళ్లి ఆర్కెస్ట్రాకి వెళ్లిపోయాడంటే అది ద్రోహం కాదు, అక్కడ రాత్రికి రాత్రి చేతిలో పెడతారు. ఎంత ఇవ్వాలన్నది సంస్థలన్నీ కలిసి ఒక మాట మీద ఉంటే బేరాలు తగ్గుతాయి. ఒకరు ఎక్కువ ఇస్తే ఇంకొకరు ‘రేటు పాడు చేస్తున్నారు’ అనే గొడవ కూడా పోతుంది.

గొడవలంటే గుర్తొచ్చింది. మీలో కొందరి మధ్య మాటలు ఎందుకు లేవో నాకు తెలుసు. ఎప్పటిదో ఉత్తమ దర్శకుడి బహుమతి. ఎప్పుడో ఒక సంస్థ చీలి రెండైనప్పుడు బీరువా ఎవరి దగ్గర ఉండిపోయిందన్న తగాదా. కరపత్రంలో పేరు కింద పడటం. ఇంకా లోతుకి వెళ్తే కులం కూడా ఉంది, పార్టీ కూడా ఉంది, ఎవరూ పైకి అనరు గానీ అతిథుల జాబితా చదివితే తెలిసిపోతుంది. వాటిని మర్చిపొమ్మని చెప్పే పెద్దరికం నాకు లేదు. మాట్లాడుకోకపోయినా పర్వాలేదు, ఒకరి నాటకం ఒకరు చూడండి. చీకట్లో వచ్చి చీకట్లో వెళ్లిపోండి, హాల్లో లైట్లు ఆర్పేదీ వేసేదీ నేనే, కాస్త ఆలస్యంగా వేస్తాను.

విజయవాడకూ గుంటూరుకూ మధ్య దూరం కూడా ఒక సాకుగా మారింది. బస్సులో గంట ప్రయాణం. ఆస్పత్రికి, సినిమాకి, బట్టలకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాం. నాటకానికి మాత్రం ‘అంత దూరం’ అంటాం. తెరలేచే టైము ఆరున్నర అని నిజంగా నమ్మకముంటే గుంటూరు వాళ్లు వస్తారు, నేను పూచీ.

చివరిగా నేను చెయ్యగలిగింది చెప్తాను. దసరా వెళ్లాక వచ్చే రెండో ఆదివారం పొద్దున ఎనిమిదింటికి విజయవాడ రాఘవయ్య పార్కులో ఉంటాను. నాతో పాటు మేకప్ ఆయన, మైకుల వాళ్లు, పైన చెప్పిన నటీమణి కూడా వస్తామన్నారు. గుంటూరు, తెనాలి నుంచి వచ్చేవాళ్లకు పొద్దున రైళ్లున్నాయి. హాలు తీసుకోలేదు, బ్యానరు కట్టడం లేదు, కాబట్టి అధ్యక్షత వహించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. సీజను తారీఖులు రాసుకున్న డైరీలు, మీ దగ్గరున్న సెట్ల జాబితా తెచ్చుకోండి. మీ సంస్థలో పాతికేళ్లలోపు వాళ్లెవరైనా ఉంటే వెంట తీసుకురండి, లేకపోతే ఇంటిపక్క పిల్లలనైనా సరే. పదిన్నరకల్లా వదిలేస్తాను, ఆ సాయంత్రం నాకు గుంటూరులో పని ఉంది, లైట్లు కట్టుకోవాలి.

ఇట్లు,
మీ లైటింగ్ అబ్బాయి